‘మోచెయ్యి’ అని అరవకండి, ‘ఎక్కడ వేస్తున్నావు’ అని అడగండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. బాబుకి 13 ఏళ్లు, ఫాస్ట్ బౌలింగ్ చేస్తాడు. నెట్స్‌లో చక్కగా వేస్తాడు, మ్యాచ్‌లో రెండో ఓవర్ నుంచి వైడ్లు మొదలవుతాయి. మీరు బౌండరీ దగ్గర నిలబడి కోచ్ చెప్పినవే గుర్తు చేస్తుంటారు: మోచెయ్యి, తల, మణికట్టు. పాపకి 8 ఏళ్లు, హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ సెలెక్షన్స్ కోసం ఇంటి దగ్గర స్టాండింగ్ బ్రాడ్ జంప్ (నిలబడిన చోటినుంచే ముందుకి దూకడం) చేయిస్తున్నారు. ఇద్దరికీ ఏకాగ్రత పెరగాలంటే ఏం చేయాలి, మెడిటేషన్ ఏమైనా పనికొస్తుందా అని అడిగారు.

మెడిటేషన్ వల్ల నష్టమేమీ లేదు, చేయించుకోండి. కానీ మీరు చెప్పిన ఇబ్బందికి మందు అది కాదు. మీ బాబుకి ఏకాగ్రత తక్కువని నాకు అనిపించడం లేదు. వైడ్ పడిన మరుక్షణం వాడు గట్టిగానే ఏకాగ్రత పెడుతున్నాడు, మీరు అరిచిన మోచేతి మీద. ‘కాన్సంట్రేట్ చెయ్యరా’ అంటాం కానీ దేని మీదో చెప్పం. చెప్పకపోతే పిల్లలు ఆఖర్న విన్న మాట మీద పెడతారు. స్కూలు పిల్లలకి అథ్లెటిక్స్ నేర్పుతూ, క్రికెట్ పిల్లల ఫిట్‌నెస్ చూస్తూ చాలా ఏళ్లు గడిపాను. పిల్లల దృష్టి ఎటు పోతుందో సగం నిర్ణయించేది పెద్దవాళ్ల నోరే.

ఆడేటప్పుడు దృష్టి రెండు చోట్ల ఉండొచ్చు. ఒకటి, ఒంటి మీద: మోచెయ్యి, మోకాలు, పాదం, మణికట్టు. రెండోది, ఆ కదలిక బయట చేసే పని మీద: బంతి పడే చోటు, సీమ్ (బంతి మీది కుట్టు) తిరిగే తీరు, దూకాక పాదాలు దిగే గుర్తు. మొదటిదాన్ని లోపలి దృష్టి, రెండోదాన్ని బయటి దృష్టి అనుకుందాం. ఇది కళ్లు ఎటు చూస్తున్నాయన్న సంగతి కాదు. కళ్లు స్టంప్స్ మీదే ఉన్నా మనసు మోచేతి దగ్గర తిరుగుతూ ఉండొచ్చు. అందుకే బయటినుంచి చూసేవాళ్లకి ఇది కనిపించదు.

ఈ తేడాను పరిశోధనగా మొదలుపెట్టింది గాబ్రియేల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలు. విండ్‌సర్ఫింగ్‌లో ఒక మలుపు సాధన చేస్తుంటే, పాదాల గురించి ఆలోచించడం మానేసి బోర్డు వాలు మీద మనసు పెట్టినప్పుడు పని తేలికవడం ఆవిడ గమనించారట. 1998లో సహచరులతో కలిసి అచ్చువేసిన ప్రయోగంలో స్కీ సిమ్యులేటర్ వాడారు. వంపు తిరిగిన పట్టాల మీద అటూ ఇటూ జరిగే బల్ల అది. కొందరికి పాదాలతో బలం వేయడం మీద దృష్టి పెట్టమన్నారు, మరికొందరికి పాదాల కిందే ఉన్న చక్రాల మీద. పాదానికీ చక్రానికీ మధ్య దూరం ఎంతని? అయినా చక్రాల వాళ్లే బాగా నేర్చుకున్నారు.

మీ పాపకి పనికొచ్చే ప్రయోగం 2010లో జరిగింది. జేర్డ్ పోర్టర్ బృందం కాలేజీ విద్యార్థులతో స్టాండింగ్ బ్రాడ్ జంపే చేయించింది. ఒక గుంపుకి ‘మోకాళ్లను వీలైనంత వేగంగా చాచడం మీద దృష్టి పెట్టండి’ అన్నారు. ఇంకో గుంపుకి ‘గీతకి వీలైనంత దూరంగా దూకడం మీద దృష్టి పెట్టండి’ అన్నారు. మోకాళ్ల గుంపు సగటున సుమారు 177 సెంటీమీటర్లు దూకితే, దూరం గుంపు సుమారు 187 దూకింది. కొత్త వ్యాయామం లేదు, కొత్త బూట్లు లేవు. మారింది ఒక్క వాక్యం. తర్వాత ఇదే జంప్‌లో నేలను తన్నే బలాన్ని కూడా కొలిచి చూశారు. గరిష్ఠ బలంలో రెండు రకాల సూచనలకీ తేడా రాలేదు, దూరంలో మాత్రం వచ్చింది. అంటే బయటి దృష్టి కొత్తగా కండబలం ఇవ్వదు. ఉన్న బలం వృథా కాకుండా చూస్తుంది.

ఎందుకిలా? 2001లో వుల్ఫ్ బృందమే ఒక వివరణ ఇచ్చింది. బాగా అలవాటైన కదలికను శరీరం తనంతట తానే సర్దుకుంటూ నడిపిస్తుంది. మనం మధ్యలో దూరి ‘మోచెయ్యి ఇలా, మణికట్టు అలా’ అని నడపబోతే ఆ సర్దుబాట్లు బిగుసుకుపోతాయి. దీనికి కండరాల్లో గుర్తు కూడా దొరికింది. 2005లో బాస్కెట్‌బాల్ ఫ్రీ త్రో వేసేవాళ్ల చేతి కండరాల విద్యుత్ చురుకును కొలిచారు. మణికట్టు మీద దృష్టి పెట్టినప్పుడు బైసెప్స్, ట్రైసెప్స్ అవసరానికి మించి పనిచేశాయి, గురి తగ్గింది. రింగ్ మీద దృష్టి పెట్టినప్పుడు కండరాలు తక్కువ కష్టపడ్డాయి, గురి పెరిగింది. మెట్లు దిగుతూ ‘ఇప్పుడు ఏ కాలు’ అని ఆలోచించి చూడండి, తడబడతారు. మ్యాచ్‌లో మీ బాబు చేస్తున్నది అదే.

ఈ తడబాటు నెట్స్‌లో ఎందుకు రాదంటే, అక్కడ వైడ్ పడినా ఎవరూ లెక్క రాయరు. మ్యాచ్‌లో అంపైర్ రెండు చేతులూ చాస్తాడు, కీపర్ విసుక్కుంటాడు, అవతల నాన్న కనిపిస్తాడు. టెన్షన్ వచ్చినప్పుడు మనిషి చేసే మొదటి పని, ఎప్పుడో నేర్చుకున్న రూల్స్‌ని మళ్లీ తిరగేసుకోవడం. రిచ్ మాస్టర్స్ 1992లో గోల్ఫ్ పటింగ్ (బంతిని మెల్లగా కొట్టి గుంటలోకి దొర్లించడం) మీద చేసిన ప్రయోగంలో, సూచనలు బాగా కంఠస్థం చేసి నేర్చుకున్నవాళ్లు ఒత్తిడిలో దెబ్బతిన్నారు. రూల్స్ పెద్దగా పోగేసుకోకుండా నేర్చుకున్నవాళ్లు నిలబడ్డారు. బుర్రలో ఎన్ని రూల్స్ ఉంటే ఒత్తిడిలో అన్ని బయటికొస్తాయి. కాబట్టి నెట్స్‌లో మనం ఎన్ని సూచనలు పోస్తున్నామన్నది కూడా మ్యాచ్ సంగతే.

పక్కదారి మాట ఒకటి. కబడ్డీ రైడర్ కూత పెడుతూ వెళ్తాడు కదా. రూల్ దానికోసం పెట్టలేదు కానీ, నోరు కూతలో ఉన్నప్పుడు తన మోకాలితో తాను మాట్లాడుకునే తీరిక అతనికి ఉండదు. అతని ధ్యాసంతా ఎదుటి డిఫెండర్ల మీదా బోనస్ లైన్ మీదా ఉంటుంది. కబడ్డీ పిల్లల్లో ఈ బిగుసుకుపోవడం తక్కువగా చూశాను. కారణం ఇదేనని నా ఊహ, దీన్ని పరిశోధన కింద లెక్కపెట్టకండి.

అలాగని ఒంటి గురించి ఎప్పుడూ మాట్లాడకూడదా? మాట్లాడొచ్చు, సమయం చూసి. 2002లో సియాన్ బైలాక్ బృందం ఫుట్‌బాల్ డ్రిబ్లింగ్ మీద చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. అనుభవం ఉన్న ఆటగాళ్లను ‘బంతి తాకుతున్నది పాదంలో ఏ వైపు’ అని గమనిస్తూ డ్రిబుల్ చేయమన్నారు. కుడికాలితో చేసేటప్పుడు ఈ గమనింపు వాళ్ల వేగాన్ని దెబ్బతీసింది. అదే ఆటగాళ్లు ఎడమకాలితో చేసినప్పుడు మాత్రం గమనించడమే మేలు చేసింది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి రెండు కాళ్లతోనూ అంతే. మనిషి ఒక్కడే, ఒక కాలికి నిపుణుడు, రెండో కాలికి పసివాడు. కాబట్టి ‘మా వాడు సీనియర్, వాడికి ఇలా’ అని మొత్తం పిల్లాడికి ఒకే ముద్ర వేయలేం. మీ బాబు స్టాక్ బాల్, అంటే ఎప్పుడూ వేసే మామూలు బంతి, ఇప్పటికి అలవాటులో పడి ఉంటుంది, దాని జోలికి వెళ్లకండి. కొత్తగా నేర్చుకుంటున్న స్లో బాల్ విషయంలో వేళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పడం తప్పుకాదు. నెట్స్‌లో, వారం మధ్యలో, తీరిగ్గా చెప్పండి.

ఇక బౌలింగ్‌లో ఏ మాటను దేనితో మార్చాలో చూద్దాం. ‘మణికట్టు వెనక నిలబెట్టు’ అనే బదులు ‘సీమ్ నిటారుగా తిరుగుతూ వెళ్లాలి’ అనండి. పాత బంతి సీమ్ చుట్టూ తెల్ల టేప్ అంటిస్తే వాడి చేతిలోంచి బంతి ఎలా వెళ్లిందో వాడికే కనిపిస్తుంది, మీరు చెప్పనక్కర్లేదు. కుడిచేతి బ్యాటర్‌కి అవుట్‌స్వింగ్ వేయాలంటే ‘సీమ్ ఫస్ట్ స్లిప్‌ని చూడాలి’ అంటే చాలు, మణికట్టు దానంతటదే ఆ కోణానికి వస్తుంది. లెంగ్త్ కోసం గుడ్ లెంగ్త్ చోట చిన్న కోన్‌లు పెట్టి వాటి మధ్య పడాలని చెప్పండి. ‘తల పడిపోతోంది’ అనేది కోచ్‌లకి ఊతపదం. పరుగు దారికి రెండువైపులా సుద్దగీత గీసి, బంతి వేశాక మొదటి రెండు అడుగులు ఆ దారిలోనే పడాలని చెప్పి చూడండి. పక్కకి పడిపోతున్న తల చాలామందిలో అక్కడే సగం సర్దుకుంటుంది.

గురి పిచ్ మీద చోటుకి పెట్టాలా, స్టంప్స్‌కి పెట్టాలా అనేదానికి నా దగ్గర ఒకే జవాబు లేదు. బ్యాలెన్స్ బల్ల మీద చేసిన ప్రయోగాల్లో, పాదాలకి దూరంగా ఉన్న గుర్తు మీద దృష్టి పెట్టినవాళ్లు దగ్గర గుర్తు వాళ్లకన్నా బాగా చేశారు. ఆ లెక్కన దూరంగా ఉన్నదే మేలు. కానీ బౌలర్లలో రెండు రకాలవాళ్లూ ఉంటారు. వాడినే ఎంచుకోనివ్వండి, ఎంచుకున్నదాన్ని మ్యాచ్ మధ్యలో మార్చకండి. 2013లో మౌరర్, మున్‌జర్ట్ అనే ఇద్దరు, నైపుణ్యం ఉన్న బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల మీద చూసి చెప్పిందేమంటే, దృష్టి లోపలిదా బయటిదా అన్నదానికన్నా ఆటగాడికి అలవాటైనదా కాదా అన్నదే ఎక్కువ తేడా తెచ్చింది. కాబట్టి ఈ జవాబు చదివి ఆదివారం మ్యాచ్‌లోనే కొత్త మాటలు మొదలుపెట్టకండి. ముందు ప్రాక్టీస్‌లో పాతబడనివ్వండి.

రెండు చోట్ల మాత్రం ఒంటి సంగతి వదిలేయడానికి వీల్లేదు. ఒకటి, బౌలింగ్ యాక్షన్ చట్టబద్ధత. ఐసీసీ నియమం ప్రకారం బంతి వేసేటప్పుడు మోచెయ్యి 15 డిగ్రీలకు మించి చాచకూడదు. మీరు ‘మోచెయ్యి’ అని అరుస్తున్నది యాక్షన్ మీద అనుమానంతోనైతే అది బౌండరీ నుంచి తీరే సమస్య కాదు. స్లో మోషన్ వీడియో తీసి కోచ్‌కి చూపించండి, సీజన్ లేనప్పుడు సరిచేయించండి. రెండోది గాయాలు. దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి ముడుచుకుపోయే పిల్లలు, ముఖ్యంగా ఎదిగే వయసు ఆడపిల్లలు, లిగమెంట్ తెగే ప్రమాదంలో ఉంటారు. అక్కడ చూడాల్సింది మోకాలే. అయితే చూసేది మనం. పిల్లలకి ‘చప్పుడు లేకుండా దిగు’ అని చెబితే చాలాసార్లు మోకాలు, తుంటి వాటంతటవే వంగి దెబ్బను మింగుతాయి. అప్పటికీ మోకాలు లోపలికే వస్తుంటే ఫిజియోకి చూపించండి.

ఇప్పుడు పాప సంగతి. ఎనిమిదేళ్ల పిల్లల విషయంలో పరిశోధన ఒక్క మాట మీద లేదు. 2008లో ఇమాన్యుయెల్ బృందం పెద్దవాళ్లతోనూ, ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలతోనూ డార్ట్స్ వేయించింది. నేర్చుకున్నదాన్ని కొత్త పరిస్థితిలో వాడాల్సి వచ్చినప్పుడు పెద్దవాళ్లకి బయటి దృష్టి కలిసొచ్చింది, పిల్లలకి మాత్రం లోపలి దృష్టే కలిసొచ్చింది. 2010లో 10–12 ఏళ్ల పిల్లలకి ఫుట్‌బాల్ త్రో-ఇన్ నేర్పినప్పుడు ఫలితం బయటి వైపు మొగ్గింది. బంతి కదలిక గురించి చెప్పిన సూచనలు తరచుగా అందుకున్న పిల్లలు బాగా నేర్చుకున్నారు. ఒంటి గురించి చెప్పినవాటిని ఎక్కువసార్లు వినిపించినా ఆ లాభం రాలేదు. రెండిటికీ మధ్య నాకు అర్థమయ్యేదేమంటే, చిన్నపిల్లలకి ఆ కదలిక ఆకారమే ఇంకా ఒంట్లోకి దిగి ఉండదు. దిగనిదాన్ని ‘నీ ఒళ్లే చూసుకుంటుంది’ అని వదిలేస్తే అది ఏం చూసుకుంటుంది?

అందుకని పాపకి మొదట మీరు దూకి చూపించండి. మాటలకన్నా అదే వేగంగా ఎక్కుతుంది. తర్వాత ఒంటి గురించి ఒక్కటంటే ఒక్క మాట: ‘చేతులు వెనక్కి ఊపి, కిందికి కూర్చుని లేవాలి’. అది చేతులకీ కాళ్లకీ ఒకేసారి కుదిరేదాకా అంతే. కుదిరిన రోజు నుంచి ఆ మాట మానేసి నేల మీదికి రండి. టేప్‌తో గీత వేసి, నిన్న దిగిన చోట సుద్దతో గుర్తు పెట్టి, దానికి జానెడు అవతల ఇంకో గుర్తు పెట్టండి. పోర్టర్ బృందం 2012లో మూడు మీటర్ల దూరంలో కోన్ పెట్టి ‘దానికి వీలైనంత దగ్గరగా దూకండి’ అని కూడా చూసింది. గీతకి దూరంగా దూకడం గురించి ఆలోచించినవాళ్లకన్నా కోన్ వాళ్లు ఎక్కువ దూకారు. మీ వాకిట్లో మూడు మీటర్లు లేకపోతే రెండు చాలు, ఎనిమిదేళ్ల పిల్ల కదా. ‘కప్పలా దూకు’ అంటే ఈ వయసు వాళ్లకి బాగా పనిచేస్తుంది. నాలుగు సూచనలు మోసే బదులు ఒక్క బొమ్మ మోస్తారు.

సెలెక్షన్స్‌లో వర్టికల్ జంప్, మెడిసిన్ బాల్ కూడా ఉంటాయి కాబట్టి వాటికీ ఇదే పద్ధతి. వర్టికల్ జంప్‌లో వేలికొస గురించి ఆలోచించినవాళ్లకన్నా తాకాల్సిన గుర్తు గురించి ఆలోచించినవాళ్లు ఎక్కువ ఎత్తు ఎగిరారని 2007 నాటి ప్రయోగం ఒకటి ఉంది. గోడ మీద సుద్దగీత గీస్తే సరిపోతుంది. పరుగుకి ‘మోకాళ్లు ఎత్తు’ బదులు ‘నేలను వెనక్కి తన్ను’.

నిజాయితీగా ఇంకో సంగతీ చెప్పాలి, లేకపోతే రేపు ఎవరో కామెంట్‌లో పెడతారు. 2021లో సైకలాజికల్ బులెటిన్ అనే పత్రికలో వుల్ఫ్ వాళ్లే వందలాది ఫలితాలను కలిపి లెక్కగట్టి, వయసు, నైపుణ్యం ఏదైనా బయటి దృష్టే మేలు అని తేల్చారు. 2024లో అదే పత్రికలో మెక్‌కే బృందం ఆ లెక్కను తిరగదోడింది. అనుకూలంగా వచ్చిన ఫలితాలే ఎక్కువగా అచ్చవుతాయి కాబట్టి లాభం ఉన్నదానికన్నా చాలా పెద్దదిగా కనిపిస్తోందనీ, ఆ పక్షపాతాన్ని సరిదిద్దితే గట్టిగా మిగిలేది పెద్దగా లేదనీ వాదించింది. వాదన ఇంకా తెగలేదు. మీ బాబు సమస్యంతా ఒక్క వాక్యంతో పోతుందని నేను కూడా అనను. అయినా ఇదే ఎందుకు చెబుతున్నానంటే ఖర్చులేని మార్పు ఇది, మాటలు తగ్గుతాయి, పిల్లాడికి తప్పొప్పులు తనకే కనిపిస్తాయి. కోన్‌ల మధ్య పడిందో లేదో ఎవరూ చెప్పక్కర్లేదు. మోచెయ్యి సరిగా ఉందో లేదో తెలియాలంటే మాత్రం ప్రతిసారీ పెద్దవాళ్ల ముఖం చూడాల్సిందే.

కోచ్‌తో గొడవ పెట్టుకోకండి. ఒంటి మాటలే ఎక్కువ వాడే అలవాటు మన ఊరి కోచ్‌లకే లేదు. అమెరికా జాతీయ ట్రాక్ అండ్ ఫీల్డ్ ఛాంపియన్‌షిప్‌లో పోటీపడిన 13 మందిని అడిగితే, 11 మంది తమ కోచ్‌లు ప్రాక్టీస్‌లో ఒంటి కదలికల గురించే చెబుతారన్నారు. తొమ్మిది మంది పోటీలో కూడా తమ ధ్యాస ఒంటి మీదే ఉంటుందన్నారు. కోచ్‌కి తప్పు కనిపించేది ఒంట్లోనే కాబట్టి నోటికి అదే వస్తుంది. ‘సార్, మ్యాచ్ రోజు వాడికి ఒక్కటే మాట చెబుదాం, ఏది చెప్పమంటారు?’ అని అడిగి చూడండి. చాలామంది ఆలోచించి మంచి మాటే ఇస్తారు.

మ్యాచ్ రోజు మీరు చేయాల్సింది చాలా తక్కువ. బాగా ఈదేవాళ్ల మీద 2011లో జరిగిన ప్రయోగంలో, ‘నీళ్లను వెనక్కి నెట్టు’ అని చెప్పినవాళ్లూ, అసలేమీ చెప్పనివాళ్లూ ఒకే వేగంతో ఈదారు. ‘చేతులు వెనక్కి లాగు’ అని చెప్పినప్పుడే వేగం తగ్గింది. వచ్చిన పని చేసేవాళ్లకి నోరు మూసుకుని ఉండడం కూడా మంచి కోచింగే. అందుకే బౌండరీ దగ్గర్నుంచి కాస్త అవతలికి, వాడి రనప్‌కి (బంతి వేసే ముందు తీసే పరుగుకి) ఎదురుగా పడని చోటికి వెళ్లి కూర్చోండి. ఓవర్ల మధ్య నీళ్లు ఇవ్వడానికి వెళ్తే ‘తర్వాతి ఓవర్ ఎక్కడ వేద్దామనుకుంటున్నావు?’ అని అడగండి. వాడు చెప్పేది మీకు నచ్చకపోయినా ‘సరే’ అనండి. ఇంటికొచ్చాక ఎన్ని వైడ్లని లెక్కపెట్టకండి, వాడికి తెలుసు.

ఇలా ఒకటి రెండు నెలలు నడిపాక కూడా వైడ్లు తగ్గకపోతే దృష్టిని వదిలేసి రనప్ కొలవండి. పదమూడేళ్లంటే కాళ్లు చేతులు గబగబా సాగే వయసు. ఏడాది క్రితం వేసుకున్న రనప్ గుర్తుకి ఇప్పటి అడుగులు సరిపోవు. క్రీజ్ దగ్గరికి వచ్చేసరికి ఆఖరి రెండు అడుగులు కుదించుకోవడమో, సాగదీసుకోవడమో చేస్తుంటారు. అది నెట్స్‌లో కనపడదు, ఎందుకంటే చాలా అకాడమీల్లో నెట్స్ దగ్గర పూర్తి రనప్‌కి చోటే ఉండదు. ఖాళీ గ్రౌండ్‌లో, బ్యాటర్ లేకుండా, బంతి ఎటు పోయినా ఫర్వాలేదని చెప్పి పూర్తి వేగంతో పరుగెత్తించండి. క్రీజ్ నుంచి వెనక్కి పరుగెత్తించి వాడు సహజంగా బంతి వదిలే చోట గుర్తు పెడితే కొత్త రనప్ దొరుకుతుంది. దాన్ని టేప్‌తో కొలిచి రాసుకోండి, మూడు నెలలకోసారి మళ్లీ కొలవండి.